ఉప్పాకు ఉడికేంతసేపు

నా గొంతు దురద పెట్టకపోయి ఉంటే నేను నెల్లూరు సముద్రం చూసి ఉండేదాన్ని కాదు. యాభై రెండేళ్ల వయసులో, మోకాళ్లకు నూనె రాసుకుని, ఒక ఆకుకూర కోసం రెండు వందల కిలోమీటర్లకు పైగా పోయి వచ్చానంటే మా సంఘంలో కొందరు ఇప్పటికీ నమ్మడం లేదు. నమ్మనివాళ్ల కోసం, ఆ వైపు ఇంకా పోనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో ఆహార భద్రత పాఠం చెబుతాను. ఆదివారం మా ప్రార్థన మందిరంలో చిన్నపిల్లలకు వాక్యం చెబుతాను. రెండు చోట్లా నా ఆయుధం ఒకటే, ఎర్ర పెన్ను. కాలేజీలో పిల్లలు ఆ పెన్నుకు భయపడతారు. మందిరంలో పిల్లల తల్లులు కూడా భయపడతారు.

ఈ ఏడు ఆఖరి సంవత్సరం పిల్లలకు శిక్షణలో భాగంగా ఒక పని పెట్టాం. ఒక్కో అమ్మాయి తన ఇంట్లో వాడే ఆకు మందో, పథ్యం వంటో తెచ్చి, దాన్ని ఎవరు చేసినా ఒకేలా వచ్చేటట్టు వరసగా రాయాలి. మా ల్యాబులో వండి చూపించాలి. అది రోగం తగ్గిస్తుందా లేదా అన్నది మా పరిశోధన కాదు, తిన్నవాళ్లకు హాని చేస్తుందా అన్నదే మా ప్రశ్న. సుకన్య అనే అమ్మాయి నెల్లూరు జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరిది. తడి గోనెసంచిలో ఉప్పాకు తెచ్చింది. ఉప్పు నేలల్లో పాకే దళసరి ఆకు. వాళ్ల ఊళ్లో బాలింతలకు వాళ్ల అవ్వ మునెమ్మ ఈ కూర వండి పెడుతుందట, ఎండు నెత్తళ్లు వేసి.

ల్యాబులో సుకన్య రాసిన పద్ధతి ప్రకారమే వండాం. ఐదుగురం రుచి చూశాం. ఐదు నిమిషాల్లో ఐదుగురమూ గొంతులు పట్టుకున్నాం. మా ప్రిన్సిపాల్ గారు మూడు గ్లాసుల మజ్జిగ తాగి, "ఇది కూర కాదండీ, దురదలో కందకే తాతయ్య," అని, ఆ పిల్ల ఫైలు మూసేయమన్నారు.

ఫైలు మూస్తే సుకన్యకు సర్టిఫికెట్ రాదు. ముత్తుకూరు దగ్గర ఆడవాళ్ల కేంద్రం ఒకటి, చేపలు శుభ్రంగా ఎండబెట్టి పొట్లాలు కట్టడం నేర్పడానికి ఒక పిల్ల కావాలని అడిగింది. ఆ పని సుకన్యకే అనుకున్నారు. నెలాఖరుకు సర్టిఫికెట్ చూపించాలి. ఆ పిల్ల ఏడవలేదు. తలవంచుకుని, "మా అవ్వ చేస్తే దురద రాదు మేడం," అంది.

ఆకు మార్చి తెచ్చిందని నాకు గట్టి అనుమానం. ప్రిన్సిపాల్ గారిని బతిమాలితే చివరికి, "మీరే పోయి చూసి రండి. ఇంకొక్కసారి వండుదాం. మళ్లీ దురద పుడితే ఇక అంతే," అన్నారు. సుకన్య ముందే ఊరెళ్లిపోయింది. నేను వెనక బయల్దేరాను.

బుధవారం కూడికలో నా ప్రయాణం కోసం ప్రార్థన చేశారు. శాంతమ్మక్క నన్ను పక్కకు పిలిచి, "అవి గంగమ్మను కొలిచే ఊళ్లు. విగ్రహానికి పెట్టింది తినేవు, జాగ్రత్త," అని హెచ్చరించింది. నేను ఓడ ఎక్కబోతున్న అపొస్తలుడిలా గంభీరంగా తలాడించాను. సంచిలో చేతి తొడుగులు, తలకు టోపీ, వంటకు గుచ్చే థర్మామీటరు, నీళ్లలో వేసే మాత్రలు, పరిశుద్ధ గ్రంథం, పాటల పుస్తకం పెట్టుకున్నాను. తువ్వాలు మరిచిపోయాను. ఆ మూడు రోజులూ కొంగే తువ్వాలు.

నెల్లూరులో కారం

రైలు దిగేసరికి ఎండ అప్పుడే నెత్తి మీద ఉంది. స్టేషను బయట చిన్న హోటల్లో కారం దోసె అరవై రూపాయలు. గుంటూరు మనిషికి ఇంకో ఊరివాళ్లు కారం గురించి చెప్పడమా అనిపించి, "కారం ఇంకొంచెం వేయించండి," అన్నాను. ఎండుమిరపకాయ, వెల్లుల్లి కలిపి నూరిన ఎర్రటి ముద్ద అది. మూడో ముక్కకు నా కళ్లూ ముక్కూ ఒకేసారి కారాయి. ఊరి పరువు కోసం మొత్తం తిన్నాను.

తింటూ తింటూ వడ్డించే ఆయన గోళ్లు చూస్తున్నాను. అలవాటు. ఎక్కడికి పోయినా మనిషి ముఖం కంటే ముందు గోళ్లు చూస్తాను. ఆయన గమనించి చెయ్యి చాపాడు.

"ఏంది మేడం, చేతులు చూస్తా ఉండారు. జాతకం చెప్తారా?"

"జాతకాలు మేం చూడమయ్యా, అది పాపం."

"పోన్లే మేడం, చూసినా చెప్పేదేముంది. ఇంకో దోసె తెస్తాననే గదా ఉంటాది."

ఆయన గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. నా గోళ్లలో కారం ఇరుక్కుని ఉంది.

ముత్తుకూరు రోడ్డు

షేరు ఆటోలో ముగ్గురు కూర్చునేచోట ఐదుగురం కూర్చున్నాం. పక్కన లారీలు, ముందు లారీలు, దూరంగా కరెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు. నా పక్కన కూర్చున్నామె ఒక గంప తెచ్చి ఏమీ అడక్కుండా నా ఒళ్లో పెట్టింది. "కాస్త పట్టుకో టీచరమ్మా, నాకు ఇంకోటి ఉండాది." నేను టీచర్నని ఆమెకు ఎవరు చెప్పారో తెలీదు. ముఖం చూస్తే తెలుస్తుందట.

గంపలో ఎండు చేపలు. మూత లేదు. ఎండు చేపలను మూత లేకుండా తీసుకుపోవడం వల్ల కలిగే నష్టాలు ఏవి అని నేను ఏటా పరీక్షలో పది మార్కుల ప్రశ్న ఇస్తాను. జవాబును ముత్తుకూరు దాకా ఒళ్లో పెట్టుకుని మోశాను.

"యాడికి?" అందామె. చెప్పాను.

"మునెమ్మ కాడికా? కాన్పు ఎవురికి?" అని నా పొట్ట వంక చూసింది.

"ఎవరికీ కాదమ్మా. ఆమె వండే కూర చూడ్డానికి."

"కూర చూసేదానికి గుంటూరు నించి వచ్చినారా? మా కాడ కూర తినేదానికే ఎవురూ రారు!"

ఆటో అంతా నవ్వింది. డ్రైవరు వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. ఎదురుగా లారీ వస్తోంది. ఆ క్షణం నేను చేసిన ప్రార్థన ఈ ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే నిజాయితీగా చేసింది.

ముత్తుకూరులో సుకన్య గొడుగు పట్టుకుని ఎదురుచూస్తోంది. అక్కణ్ణుంచి వాళ్ల పాళెం దాకా బస్సు. దారి పొడుగునా ఆ పిల్ల ఏదో చెప్పబోయి ఆగింది. రెండుసార్లు గమనించాను. తప్పు చేసిన పిల్లలు అలాగే ఉంటారని నాలో నేను అనుకున్నాను.

పాళెంలో మొదటి సాయంత్రం

అది వేట నిషేధం కాలం. పడవలన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నాయి. తాటాకు పందిరి కింద మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. మునెమ్మ వాకిట్లోనే ఎదురొచ్చింది. అరవై ఐదేళ్లు దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. "మునెమ్మ గారూ, నమస్కారం," అన్నాను.

"గారంట!" అని లోపలికి కేకేసింది. "ఏమే సుకన్యా, మీ మేడం నన్ను గారంటా ఉండాది. పెన్షన్ ఇచ్చేవాళ్లు గూడా అట్ట పిలవలే."

అప్పట్నుంచి అక్కా అన్నాను.

కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు, తాగడానికి నీళ్లు. ఇసుకలో తవ్విన చెలమ నుంచి తోడినవట. చల్లగా, తేటగా ఉన్నాయని చూస్తేనే తెలుస్తోంది. అయినా నేను చెంబులో మాత్ర వేశాను. మునెమ్మ వంగి చూసింది.

"ఏం కలుపుతా ఉండావు?"

"నీళ్లలో కంటికి కనపడని పురుగులుంటాయక్కా. ఇది వేస్తే చచ్చిపోతాయి."

"చచ్చి యాడికి పోతాయి?"

నేను మాత్ర కరగడానికి చెంబు తిప్పాను.

"ఆడనే గదా ఉంటాయి. చచ్చిన పురుగుల్ని తాగేదానికంటే బతికినవి తాగితే మేలు గదమ్మా!"

ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఏ విద్యార్థినీ నన్ను ఈ ప్రశ్న అడగలేదు.

మా వైపు బాలింతకు ఆకుకూర పెడతామంటే ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోదు. వెల్లుల్లి కారం, నెయ్యి, మళ్లీ వెల్లుల్లి కారం. ఇక్కడ ఐదో రోజునుంచే ఉప్పాకు పెడతారట. "నడుం నొప్పికి, కాళ్ల వాపుకి," అంది మునెమ్మ. దేనికి పనిచేస్తుందో నేను చెప్పలేను, మా పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉంది. ఎవరైనా నన్ను నమ్మి వండుకోవద్దు.

అన్నంలోకి చేపల పులుసు. వాగులో దొరికిన చేప, పచ్చి మామిడికాయ ముక్కలు. "నిన్నటిది," అని గొప్పగా చెప్పింది. అక్కడ పులుసు మర్నాడే తినాలట. వండిన కూరను ఫ్రిజ్ లేకుండా రాత్రంతా ఉంచరాదని గోడ మీద రాయించిన మనిషిని నేను. ఊరుకోలేక థర్మామీటరు తీసి దాకలో గుచ్చబోయాను. అది చెయ్యి జారి పులుసులో మునిగిపోయింది. సుకన్య గరిటెతో వెతికి తీసింది. నా లెక్క ప్రకారం ఆ పులుసు పురుగులు పెరిగే గోరువెచ్చటి వేడిలో ఉంది. నాలుక లెక్క వేరే ఉంది. రోజూ కంటే కొంచెం పొడుగ్గా ప్రార్థన చేసుకుని, రెండుసార్లు వడ్డించుకున్నాను. ఏమీ కాలేదు. ఇది విశ్వాసమో ఆశో తీర్పు చెప్పే స్థితిలో నేను లేను.

రెండో రోజు: పాట లేని కూర

పొద్దున్నే ఆకు కోయడానికి పోయాం. ఉప్పు పొడి తెల్లగా పేరుకున్న నేల. దాని మీద ఎర్రటి కాడలతో పాకుతున్న ఉప్పాకు. మా ల్యాబులో దాచిన ఆకును కాగితంలో అంటించుకుని తెచ్చాను. పక్కన పెట్టి చూశాను. అదే ఆకు. మునెమ్మ నా చేతిలోంచి కాగితం లాక్కుని చూసింది.

"ఇదే. మా పిల్ల ఆకు తప్పు తెస్తాదనుకున్నావా? నడక వచ్చినప్పటి నించి కోస్తా ఉండాది."

సుకన్య అటు తిరిగింది. నా అనుమానం పోయింది. నా అహం మాత్రం పోలేదు. అయితే గిన్నె తేడా అయి ఉంటుందనుకున్నాను. ఆమె కూడా స్టీలు గిన్నే తీసింది. అయితే నీళ్లు. చెలమ నీళ్లే కారణమని మనసులో రిపోర్టు మొదటి పేజీ రాసేసుకున్నాను.

టోపీ పెట్టుకుని, తొడుగులు వేసుకుని, ఫోన్‌లో వీడియో పెట్టాను. పొరుగింటి ఆడవాళ్లు గుమ్మంలో మూగారు. ఎవరో, "ఆపరేషన్ చేసేదానికి వచ్చినారంట," అన్నారు.

నీళ్లు మరిగాక మునెమ్మ ఆకు వేసింది. వేయగానే గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. రెండు మాటలు విన్నాను. గంగమ్మ పాట. నా వీపు నిటారైంది. శాంతమ్మక్క ముఖం కళ్ల ముందు కనపడింది.

"అక్కా, పాట వద్దు," అన్నాను. "వీడియో తీస్తున్నాను. రిపోర్టులో పూజలూ అవీ ఉండకూడదు."

అబద్ధం. రిపోర్టుకు పాటతో పనే లేదు. నాకే ఇబ్బంది.

"పాట వద్దా?"

"వద్దు."

మునెమ్మ సుకన్య వంక చూసింది. సుకన్య నేల వంక చూసింది. "సరే, మీ ఇష్టం," అని మునెమ్మ నోరు మూసుకుని కూర్చుంది. అంతవరకు ఎంత నేర్పుగా కదిలిన మనిషి! ఇప్పుడు గిన్నెను చూస్తుంది, గుమ్మాన్ని చూస్తుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు చూసుకుంటుంది. చివరికి నన్ను అడిగింది.

"అయిందా?"

"మీకే కదక్కా తెలియాలి."

"నాకెట్ట తెలస్తాది? మీరు పాడనీకపోతిరి."

వాక్యంలో చెవులుండీ వినని జనం గురించి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. మునెమ్మ మాట నా ఒక చెవిలో దూరి రెండో చెవిలోంచి పోయింది. "ఒక పొంగు వచ్చింది కదా, చాలు," అని నేనే గిన్నె దించి నీళ్లు వంచాను. మళ్లీ నీళ్లు, మళ్లీ ఒక పొంగు. ఆకును గట్టిగా పిండి, నెత్తళ్లు వేసి, తాలింపు పెట్టాం. ఘుమఘుమలాడింది. మునెమ్మ ముందు కూడా ఒక విస్తరాకు వేయబోయాను.

"మీరు తినండి. నేను తిననమ్మా."

అప్పుడు శాంతమ్మక్క హెచ్చరిక గుర్తొచ్చింది. "అక్కా, ఇది గంగమ్మకు నైవేద్యం పెట్టారా?"

"గంగమ్మకెందుకు? ఆమెకేం పురుడొచ్చిందా?"

మనస్సాక్షి తేలికపడింది. హాయిగా తిన్నాను. ఐదు నిమిషాల తర్వాత గొంతులో గొంగళిపురుగు నడిచింది. పది నిమిషాలకు దాని బంధువులందరూ వచ్చారు. గుమ్మంలో ఆడవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. మునెమ్మ చింతపండు ఉండ నా నోట్లో కుక్కింది.

"పాట లేని కూర అట్నే ఉంటాది," అంది.

చింతపండు చప్పరిస్తూ ఆమె వంక చూశాను. అప్పటికి అర్థమైంది. పాట ఎంతసేపో ఉడుకు అంతసేపు. ఆ ఇంట్లో గోడ గడియారం లేదు. ఎప్పుడూ అవసరం కాలేదు.

"ఇది నోట్‌బుక్‌లో రాయొద్దా సుకన్యా?" అన్నాను, ఇంకా టీచర్ గొంతుతోనే.

ఆ పిల్ల లోపలికి పోయి తన నోట్‌బుక్ తెచ్చి, పేజీ తీసి, నా ఒళ్లో పెట్టింది. ఆరో అంచె: గంగమ్మ పాట మొత్తం పాడేదాకా ఉడకనివ్వాలి. నీళ్లు వంచి, కొత్త నీళ్లు పోసి, మళ్లీ పాట మొత్తం పాడాలి. దాని మీద అడ్డంగా ఎర్ర గీత. అంచున ఎర్ర అక్షరాలు: "ఆహార భద్రతలో పూజలకు చోటు లేదు. ఒక పొంగు వచ్చేదాకా అని రాయి." ఆ అక్షరాలు ఎవరివో నాకు చెప్పక్కర్లేదు. ముప్పై నోట్‌బుక్కులు దిద్దిన రోజు అది. కొట్టేసిన సంగతే నాకు గుర్తు లేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు కొట్టేసినారు గదా మేడం. మళ్లీ ఎట్ట చెప్పేది?" అని ఆగింది. "అవ్వ తప్పా, మీరు తప్పా అని రెండు వారాలు ఆలోచించినా. మార్కులు వేసేది మీరు గదా."

మూడో చరణం

సముద్రం ఒడ్డుకు పోయి నిలబడ్డాను. ప్రార్థన మొదలుపెట్టాను. "తండ్రీ, నీ మహిమ కోసమే కదా ఆ లైను కొట్టేశాను..." వాక్యం మధ్యలో నాకే సిగ్గేసి ఆపేశాను. ఆయన మహిమకు నా ఎర్ర పెన్ను అవసరం ఎప్పుడు పడిందని? పంపిన చోటికి పోనని మొండికేసిన ప్రవక్త మూడు రోజులు చేప కడుపులో ఉన్నాడు. నాకు చీరకు చేపల వాసనతో సరిపోయింది. దయగల దేవుడు.

తిరిగొచ్చేసరికి మునెమ్మ రెండో విడత ఆకు కడుగుతోంది.

"అక్కా, ఈసారి మీ పాట పాడండి," అన్నాను.

"నా పాట వింటే మీకు పాపం గదా."

నా చెయ్యి సంచిలోని పాటల పుస్తకం మీదికి పోయింది.

"అట్టయితే మీ పాట మీరు పాడుకోండి. ఆకుకు దేవుడి పేరు తెలస్తాదా ఏంది? నేను లోపల్లోపల నాది పాడుకుంటా. సరిపోయిందో లేదో చెప్తా."

ఆకు వేశాం. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, ప్రతి ఆదివారం పాడే కీర్తన ఎత్తుకున్నాను. గుమ్మంలో ఆడవాళ్లు నిశ్శబ్దమయ్యారు. భక్తితో కాదు, నా శ్రుతికి. మునెమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది. నేను పాట ముగించి గిన్నె మీద చెయ్యి వేయబోతే కళ్లు తెరవకుండానే నా మణికట్టు పట్టుకుంది.

"ఇంకా కాలే. మీ పాట పొట్టిది."

"పొట్టిదేం కాదక్కా, నాలుగు చరణాలు."

చెప్పాక నిజం గుర్తొచ్చింది. మా సంఘంలో మూడో చరణం పాడం. రాగం కష్టం, పైగా భోజనాల వేళ అవుతుంది. "ఒకటి, రెండు, నాలుగు," అని మా పాస్టర్ అయ్యగారు అనడం, మేం పేజీలో ఒకచోట గెంతడం ఎప్పట్నుంచో అలవాటు. మునెమ్మకు చెప్పాను.

"మధ్యలోది మింగేస్తే గొంతు దురద పెట్టదా మరి!" అంది. "పాడు, పాడు. ఆకు చూస్తా ఉండాది."

మూడో చరణం నాకు నోటికి రాదు. యాభై రెండేళ్ల విశ్వాసిని, పొయ్యి పక్కన పుస్తకం తెరిచి, వేలు పెట్టుకుని చదువుకుంటూ పాడాను. అందులో ఎంత మంచి మాటలున్నాయో అప్పుడే చూశాను. నేను ఆపడమూ మునెమ్మ కళ్లు తెరవడమూ ఇంచుమించు ఒక్కసారే జరిగాయి. ఏడున్నర నిమిషాలు. నీళ్లు వంచి మళ్లీ అంతసేపు.

ఈసారి మునెమ్మ అందరికంటే ముందు తింది. నేను ఆమెను చూస్తూ తిన్నాను. పది నిమిషాలు. అరగంట. గొంగళిపురుగు రాలేదు. సుకన్య రెండు చేతులతో నోరు మూసుకుని నవ్వుతోంది, కళ్లు తడిగా ఉన్నాయి.

తర్వాత ఆమె పాట కూడా విన్నాను, పరిశోధన కోసం. మూడుసార్లు పాడించి కొలిచాను. పావు నిమిషం కూడా తేడా రాలేదు. ఆ పాట నిండా ఊళ్లే. ఒక్కో వాగు, ఒక్కో పాళెం పేరు వరసగా చెప్పి, అక్కడి పడవలన్నీ ఒడ్డుకు చేర్చమని అడుగుతుంది. నేను మూడు రోజుల్లో చూసినదానికంటే ఎక్కువ తీరం ఆ ఏడున్నర నిమిషాల్లో ఉంది. నేను మొక్కింది నా దేవుడికే. కానీ సముద్రం మీదికి పోయినవాళ్లు తిరిగి రావాలని ఒకామె అడుగుతుంటే చెవులు మూసుకోవాలని నాకు ఎవరూ నేర్పలేదు. నేనే నేర్చుకున్నాను.

వెంకటాచలం మీదుగా

మూడో రోజు తడి గోనెసంచి, సుకన్య, నేను వెంకటాచలం దాకా ఆటోలో వచ్చి, హైవే మీద ఇడ్లీ తిని బస్సెక్కాం. నలభై రూపాయలకు నాలుగు ఇడ్లీలు. చట్నీ అడిగినంత. ఇడ్లీలు పెట్టిన ఆమె గోళ్లు చూడలేదు. చూడకుండా ఉండటం ఎంత కష్టమో నాకే తెలుసు.

మా సంఘంలో సాక్ష్యం చెప్పడంలో నాకు మంచి పేరుంది. నా సాక్ష్యాల్లో పాపాలు ఎప్పుడూ పాతవి, లేదంటే పక్కింటివాళ్లవి. బస్సులో కొత్తదీ నాదీ అయిన పాపం చెప్పడానికి కావలి దాకా పట్టింది.

"తప్పు నాది సుకన్యా. నన్ను క్షమించు."

"పర్లేదు మేడం," అంది వెంటనే. కిటికీలోంచి కాసేపు చూసి, మెల్లగా అడిగింది. "ప్రిన్సిపాల్ సారు కాడ కూడా ఇదే చెప్తారా?"

ఒంగోలు దాటాక ఆ నోట్‌బుక్ అడిగి తీసుకుని నా సంచిలో పెట్టుకున్నాను.

ఆయన దగ్గర కూడా చెప్పాను. అందరి ముందు నోట్‌బుక్ తెరిచి, ఎర్ర గీత చూపించి, "ఆకు తప్పు కాదు, పిల్ల తప్పు కాదు. ఈ గీత తప్పు, ఇది నాది," అన్నాను. ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, వండండి," అని, ముందుజాగ్రత్తగా మజ్జిగ తెప్పించి పక్కన పెట్టుకున్నారు.

సుకన్యే వండింది. ఫోన్‌లో ఏడున్నర నిమిషాలు పెట్టి, గంట కొట్టాక నీళ్లు వంచి, మళ్లీ పెట్టింది. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. నేను చూడనట్టు నటించాను. ఆ ఐదుగురమే తిని, గోడ గడియారం కింద వరసగా కూర్చున్నాం. అరగంట గడిచింది. ఎవరూ గొంతు పట్టుకోలేదు. మా అటెండరు ఇంకొంచెం ఉందా అని అడిగాడు. ప్రిన్సిపాల్ గారు మజ్జిగ గ్లాసు అటెండరు వైపు జరిపి, ఫైలు తన వైపు లాక్కుని సంతకం చేశారు.

సుకన్య వరండాలోకి పరుగెత్తి అవ్వకు ఫోన్ చేసింది. స్పీకర్లో మునెమ్మ గొంతు ల్యాబు దాకా వినపడింది.

"మీ మేడం పాడిందా?"

"లేదవ్వా, ఫోన్‌లో గంట పెట్టినాం."

"అట్టనా! మరి ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిన నాడు ఏం చేస్తారంట?"

ప్రిన్సిపాల్ గారు నా వంక చూశారు. నేను ఎర్ర పెన్ను సంచిలో వేసి, అటెండరు జేబులోంచి నీలం పెన్ను తీసుకున్నాను. నోట్‌బుక్‌లో కొట్టేసిన ఆరో అంచె కింద నా చేతివ్రాతతో రాశాను: ఏడున్నర నిమిషాలు ఉడకనివ్వాలి, నీళ్లు వంచాలి, మళ్లీ ఏడున్నర నిమిషాలు. గడియారం లేనిచోట గంగమ్మ పాట, లేదా ముందుగా దాంతో సరిచూసుకున్న ఇంకేదైనా పాట. మొదటినుంచి చివరిదాకా పాడాలి. ఏ చరణమూ వదలరాదు.